హైదరాబాదు ఎఫ్.సి. 2021–22 సీజన్

హైదరాబాదు ఎఫ్.సి. 2021–22 సీజన్ అనేది తెలంగాణ రాజధాని హైదరాబాదు పేరిట ఆడిన వృత్తిపర ఫుట్‌బాల్ క్లబ్బు ఇండియన్ సూపర్ లీగ్ (ఐ.ఎస్.ఎల్.) ట్రోఫీని గెలుచుకున్న సీజన్. లీగ్‌లో ఇది క్లబ్బుకు మూడవ సీజన్. 2022 మార్చి 20న గోవాలోని మడ్గాఁవ్‌లో జరిగిన ఫైనల్లో హైదరాబాదు జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో 3–1 తేడాతో ఓడించింది. తెలుగు నేలకు చెందిన క్లబ్బు ఐ.ఎస్.ఎల్. విజేతగా నిలవడం అదే మొదటిసారి.

ఈ విజయానికి ఒక విశేషం ఉంది. కోవిడ్-19 కారణంగా సీజన్ మొత్తం గోవాలోనే నిర్వహించారు. అందువల్ల నగరానికి ట్రోఫీ తెచ్చిన ఈ జట్టు ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాదులో ఆడలేదు. తరువాత మూడున్నర సంవత్సరాలకు, 2025 అక్టోబరులో, క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. దానితో నగరపు ఆధునిక ఫుట్‌బాల్ చరిత్రలో ఈ సీజన్ ఏకైక లీగ్ విజయంగా మిగిలింది.

సీజన్ వివరాలు

క్లబ్బు: హైదరాబాదు ఎఫ్.సి.
ప్రధాన శిక్షకుడు: మనోలో మార్కెజ్ (స్పెయిన్)
జట్టు నాయకుడు: జొవావ్ విక్టర్ (బ్రెజిల్)
సొంత మైదానం: జి.ఎం.సి. బాలయోగి అథ్లెటిక్ స్టేడియం, గచ్చిబౌలి (ఈ సీజన్‌లో వాడలేదు)
గోవాలో కేటాయించిన మైదానం: అథ్లెటిక్ స్టేడియం, బాంబోలిం
లీగ్ దశ: రెండవ స్థానం (20 మ్యాచ్‌లు, 38 పాయింట్లు)
తుది ఫలితం: విజేత
అత్యధిక గోల్స్: బార్తొలొమ్యూ ఓగ్బెచె (18)

నేపథ్యం

నగర ఫుట్‌బాల్ చరిత్ర

హైదరాబాదుకు ఫుట్‌బాల్ కొత్త ఆట కాదు. 1950వ దశకంలో దేశంలోని బలమైన జట్లలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఒకటి. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పును కూడా సాధించింది. ఈ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం భారత జాతీయ జట్టుకు శిక్షకుడై, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ వరకు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకం వరకు నడిపించాడు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956–57, 1957–58 సంవత్సరాలలో గెలుచుకుంది. 1960వ దశకంలో ఆంధ్ర ప్రదేశ్ జట్టు కూడా ఆ ట్రోఫీని ఒకసారి అందుకుంది. ఆ తరువాత నగరంలో ఈ ఆటకు ప్రాభవం క్రమంగా తగ్గింది. 2014లో ఐ.ఎస్.ఎల్. మొదలైనపుడు అందులో హైదరాబాదుకు జట్టు లేదు.

క్లబ్బు స్థాపన, తొలి రెండు సీజన్లు

పుణె సిటీ జట్టు లీగ్ నుండి తప్పుకున్న తరువాత, దాని స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాదు ఎఫ్.సి. ఏర్పడింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దీని యజమానులు. సినీ నటుడు రానా దగ్గుబాటి సహ యజమానిగా చేరాడు. లోక్‌సభ మాజీ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి పేరు గల గచ్చిబౌలి స్టేడియం సొంత మైదానమైంది.

తొలి సీజన్ (2019–20) నిరాశాజనకంగా సాగింది. 18 మ్యాచ్‌లలో రెండు మాత్రమే గెలిచి, 10 పాయింట్లతో పది జట్లలో చివరి స్థానంలో నిలిచింది. సీజన్ మధ్యలోనే ఇంగ్లండుకు చెందిన శిక్షకుడు ఫిల్ బ్రౌన్‌ను తొలగించారు. అతని తరువాత నియమితుడైన ఆల్బర్ట్ రోకా జట్టును ఒక్క సీజన్ కూడా నడపకుండానే 2020 ఆగస్టులో బార్సిలోనా శిక్షక బృందంలోకి వెళ్ళిపోయాడు. ఆ నెలాఖరున మనోలో మార్కెజ్ బాధ్యతలు స్వీకరించాడు.

మార్కెజ్ యువ భారతీయ ఆటగాళ్ళకు విరివిగా అవకాశాలు ఇచ్చాడు. 2020–21లో జట్టు 20 మ్యాచ్‌లలో మూడింటిలో మాత్రమే ఓడింది. కాని 11 మ్యాచ్‌లు డ్రాగా ముగియడంతో 29 పాయింట్లకే పరిమితమైంది. చివరి లీగ్ మ్యాచ్‌లో గోవాపై గెలిచి ఉంటే సెమీఫైనల్ చేరేది. ఆ మ్యాచ్ 0–0తో ముగియడంతో ఐదవ స్థానంతో సరిపెట్టుకుంది. గెలవవలసిన మ్యాచ్‌లను డ్రాగా ముగించడమే ఆ జట్టు ప్రధాన లోపంగా తేలింది.

పోటీ స్వరూపం

2021–22 లీగ్‌లో 11 జట్లు పాల్గొన్నాయి. ప్రతి జట్టు మిగిలిన పది జట్లతో రెండేసి సార్లు, మొత్తం 20 మ్యాచ్‌లు ఆడింది. లీగ్ దశలో మొదటి స్థానం పొందిన జట్టుకు లీగ్ విన్నర్స్ షీల్డ్ ఇచ్చారు. మొదటి నాలుగు జట్లు సెమీఫైనల్‌కు అర్హత పొందాయి. సెమీఫైనల్లో రెండేసి మ్యాచ్‌లు, ఆపై ఒకే ఒక ఫైనల్. ఫైనల్లో గెలిచిన జట్టు ఐ.ఎస్.ఎల్. ట్రోఫీ విజేత. అందువల్ల ఒకే సీజన్‌లో షీల్డ్ ఒక జట్టుకు, ట్రోఫీ మరొక జట్టుకు దక్కవచ్చు. 2021–22లో అదే జరిగింది.

ఆ సంవత్సరం నుండి మైదానంలో ఒకేసారి ఆడగల విదేశీ ఆటగాళ్ళ సంఖ్యను ఐదు నుండి నాలుగుకు తగ్గించారు. అంటే ప్రతి జట్టూ కనీసం ఏడుగురు భారతీయులను ఆడించవలసి వచ్చింది. అంతకు ముందు సీజన్‌లోనే భారతీయ యువకులను సిద్ధం చేసుకున్న హైదరాబాదుకు ఈ మార్పు కలిసి వచ్చింది.

మ్యాచ్‌లన్నీ గోవాలోని మడ్గాఁవ్ (ఫతోర్డా), బాంబోలిం, వాస్కో మైదానాల్లో జరిగాయి. ఆటగాళ్ళు, సిబ్బంది నెలల తరబడి హోటళ్ళలో బయటివారితో సంబంధం లేకుండా బయో బబుల్‌లో గడిపారు. లీగ్ దశకు ప్రేక్షకులను అనుమతించలేదు. 2022 జనవరిలో పలు జట్లలో కోవిడ్ కేసులు బయటపడటంతో కొన్ని మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. జంషెడ్‌పూర్‌తో హైదరాబాదు ఆడవలసిన రెండవ మ్యాచ్ కూడా వాటిలో ఒకటి.

జట్టు

గోల్‌కీపర్లు: లక్ష్మీకాంత్ కట్టిమని, గుర్మీత్ సింగ్.
రక్షణ: చింగ్లెన్‌సనా సింగ్, హువానన్ (స్పెయిన్), ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, నిమ్ దోర్జీ.
మధ్య వరుస: జొవావ్ విక్టర్ (బ్రెజిల్), ఎదు గార్సియా (స్పెయిన్), ఖాసా కమారా (మారిటానియా), హితేశ్ శర్మ, సౌవిక్ చక్రవర్తి, సాహిల్ తవోరా, మొహమ్మద్ యాసిర్, నిఖిల్ పూజారి, హలిచరణ్ నర్జారీ, అనికేత్ జాధవ్, అబ్దుల్ రబీ.
దాడి: బార్తొలొమ్యూ ఓగ్బెచె (నైజీరియా), హవియర్ సివేరియో (స్పెయిన్), జోయెల్ కియానీసె (ఆస్ట్రేలియా), రోహిత్ దాను.

సీజన్‌కు ముందు జరిగిన చేరికలలో ముఖ్యమైనది ఓగ్బెచెది. 2002 ప్రపంచ కప్పులో నైజీరియా తరఫున ఆడిన ఇతడు అంతకు ముందు సీజన్‌లో ముంబయి సిటీతో షీల్డ్, ట్రోఫీ రెండూ గెలిచాడు. 37వ యేట హైదరాబాదు తరఫున బరిలోకి దిగాడు. మార్కెజ్‌కు సహాయకుడిగా మణిపూర్‌కు చెందిన తంగ్బోయి సింగ్తో పనిచేశాడు.

సీజన్ ఆరంభానికి ముందు కలకత్తాలో జరిగిన డ్యూరాండ్ కప్పులో క్లబ్బు గ్రూపు దశలోనే వెనుదిరిగింది.

లీగ్ దశ

ఆరంభం (2021 నవంబరు – డిసెంబరు)

తొలి మ్యాచ్‌లో చెన్నయిన్ చేతిలో 0–1 తేడాతో ఓటమి ఎదురైంది. నాలుగు రోజుల తరువాత నాటి విజేత ముంబయి సిటీని 3–1తో ఓడించడంతో జట్టు గాడిన పడింది. ఓగ్బెచె తన పాత జట్టుపై ఒక గోల్ చేశాడు. అక్కడి నుండి ఎనిమిది మ్యాచ్‌ల పాటు జట్టు ఓటమి ఎరుగలేదు. నార్త్ఈస్ట్ యునైటెడ్‌పై 5–1, ఒడిశాపై 6–1 విజయాలు ఈ కాలంలోనివే.

నడిమి దశ (2022 జనవరి)

జనవరి 5న ఎ.టి.కె. మోహన్ బగాన్‌తో జరిగిన మ్యాచ్‌లో ఆట మొదలైన 12 సెకన్లకే డేవిడ్ విలియమ్స్ గోల్ చేశాడు. లీగ్ చరిత్రలో అప్పటికి అదే అత్యంత వేగవంతమైన గోల్. రెండు సార్లు వెనుకబడి కూడా హైదరాబాదు చివరి క్షణాల్లో సివేరియో గోల్‌తో 2–2గా ముగించింది. తరువాత కేరళ చేతిలో ఓటమి, చెన్నయిన్‌తో డ్రా ఎదురైనా, నెలాఖరున ఎనిమిది రోజుల వ్యవధిలో మూడు విజయాలు సాధించింది. ఈ మూడింటిలో 12 గోల్స్ చేసి రెండు మాత్రమే ఇచ్చింది. ఈస్ట్ బెంగాల్‌పై ఓగ్బెచె హ్యాట్రిక్ సాధించాడు. ఈ విజయాలతో జట్టు పట్టికలో అగ్రస్థానానికి చేరింది.

ముగింపు (2022 ఫిబ్రవరి – మార్చి)

ఫిబ్రవరిలో మోహన్ బగాన్ చేతిలో ఓడిన తరువాత బెంగళూరు, గోవా, కేరళలపై వరుసగా గెలిచింది. ఫిబ్రవరి 23న కేరళపై సాధించిన 2–1 విజయంతో క్లబ్బు చరిత్రలో మొదటిసారి సెమీఫైనల్ స్థానం ఖాయమైంది. అయితే మార్చి 1న, వాయిదా పడిన మ్యాచ్‌లో జంషెడ్‌పూర్ 3–0తో ఓడించి షీల్డ్ ఆశలకు గండి కొట్టింది. చివరకు జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో షీల్డ్ గెలిచింది. హైదరాబాదు 38, మోహన్ బగాన్ 37, కేరళ 34 పాయింట్లతో తరువాతి స్థానాల్లో నిలిచాయి.

లీగ్ దశ ఫలితాలు (హైదరాబాదు గోల్స్ ముందు)

2021 నవంబరు 23: చెన్నయిన్ – 0–1, ఓటమి
నవంబరు 27: ముంబయి సిటీ – 3–1, గెలుపు
డిసెంబరు 2: జంషెడ్‌పూర్ – 1–1, డ్రా
డిసెంబరు 8: బెంగళూరు – 1–0, గెలుపు
డిసెంబరు 13: నార్త్ఈస్ట్ యునైటెడ్ – 5–1, గెలుపు
డిసెంబరు 18: గోవా – 1–1, డ్రా
డిసెంబరు 23: ఈస్ట్ బెంగాల్ – 1–1, డ్రా
డిసెంబరు 28: ఒడిశా – 6–1, గెలుపు
2022 జనవరి 5: మోహన్ బగాన్ – 2–2, డ్రా
జనవరి 9: కేరళ బ్లాస్టర్స్ – 0–1, ఓటమి
జనవరి 13: చెన్నయిన్ – 1–1, డ్రా
జనవరి 24: ఈస్ట్ బెంగాల్ – 4–0, గెలుపు
జనవరి 27: ఒడిశా – 3–2, గెలుపు
జనవరి 31: నార్త్ఈస్ట్ యునైటెడ్ – 5–0, గెలుపు
ఫిబ్రవరి 8: మోహన్ బగాన్ – 1–2, ఓటమి
ఫిబ్రవరి 11: బెంగళూరు – 2–1, గెలుపు
ఫిబ్రవరి 19: గోవా – 3–2, గెలుపు
ఫిబ్రవరి 23: కేరళ బ్లాస్టర్స్ – 2–1, గెలుపు
మార్చి 1: జంషెడ్‌పూర్ – 0–3, ఓటమి
మార్చి 5: ముంబయి సిటీ – 2–1, గెలుపు

మొత్తం: 20 మ్యాచ్‌లు, 11 గెలుపులు, 5 డ్రాలు, 4 ఓటములు. చేసిన గోల్స్ 43, ఇచ్చిన గోల్స్ 23. లీగ్ దశలో అన్ని జట్లలో అత్యధిక గోల్స్ చేసినది హైదరాబాదే.

సెమీఫైనల్

సెమీఫైనల్లో ప్రత్యర్థి ఎ.టి.కె. మోహన్ బగాన్. లీగ్ దశలో ఈ జట్టుపై హైదరాబాదు ఒక్కసారి కూడా గెలవలేదు. మార్చి 12న బాంబోలింలో జరిగిన మొదటి మ్యాచ్‌లో రాయ్ కృష్ణ గోల్‌తో మోహన్ బగాన్ ముందంజ వేసింది. ప్రథమార్ధం ముగిసే క్షణాల్లో ఓగ్బెచె స్కోరు సమం చేశాడు. ద్వితీయార్ధంలో యాసిర్, సివేరియో ఆరు నిమిషాల వ్యవధిలో చెరొక గోల్ చేయగా హైదరాబాదు 3–1తో గెలిచింది.

మార్చి 16న జరిగిన రెండవ మ్యాచ్‌లో మోహన్ బగాన్ ఒత్తిడి తెచ్చింది. 79వ నిమిషంలో రాయ్ కృష్ణ మళ్ళీ గోల్ చేశాడు. మరొక గోల్ పడితే ఆధిక్యం కరిగిపోయే స్థితిలో హైదరాబాదు రక్షణ వరుస చివరి వరకు నిలబడింది. ఆ మ్యాచ్ 0–1తో ఓడినా, మొత్తం మీద 3–2 తేడాతో ఫైనల్ చేరింది. మరొక సెమీఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ షీల్డ్ విజేత జంషెడ్‌పూర్‌ను ఓడించింది.

ఫైనల్

ఫైనల్ 2022 మార్చి 20న మడ్గాఁవ్‌లోని జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో (ఫతోర్డా) జరిగింది. ఈ మ్యాచ్‌కు ప్రేక్షకులను అనుమతించారు. కేరళ నుండి అభిమానులు పెద్ద సంఖ్యలో తరలి వచ్చారు. రెండు క్లబ్బుల రంగు పసుపే. లీగ్ పట్టికలో పై స్థానంలో ఉన్నందున పసుపు దుస్తులు ధరించే అవకాశం హైదరాబాదుకు దక్కింది. అయినా గ్యాలరీలలో కనిపించిన పసుపులో అధిక భాగం కేరళ అభిమానులదే. అప్పటికి ఇరు జట్లలో ఏదీ ట్రోఫీ గెలిచి ఉండలేదు. కేరళ 2014, 2016 ఫైనళ్ళలో ఓడింది.

ప్రథమార్ధంలో గోల్ పడలేదు. 68వ నిమిషంలో కేరళ ఆటగాడు రాహుల్ కె.పి. దూరం నుండి కొట్టిన బంతి కట్టిమని చేతులను తాకి గోల్‌లోకి వెళ్ళింది. ఓటమి ఖాయమనిపించిన 88వ నిమిషంలో, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా పెనాల్టీ ప్రాంతం బయటి నుండి కొట్టిన బలమైన షాట్‌తో స్కోరు సమమైంది. అదనపు సమయంలో మరొక గోల్ రాలేదు.

షూటౌట్ క్రమం

కేరళ: మార్కో లెస్కోవిచ్ – ఆపబడింది. హైదరాబాదు: జొవావ్ విక్టర్ – గోల్ (1–0).
కేరళ: నిశు కుమార్ – ఆపబడింది. హైదరాబాదు: సివేరియో – గురి తప్పింది (1–0).
కేరళ: ఆయుష్ అధికారి – గోల్. హైదరాబాదు: ఖాసా కమారా – గోల్ (2–1).
కేరళ: జీక్సన్ సింగ్ – ఆపబడింది. హైదరాబాదు: హలిచరణ్ నర్జారీ – గోల్ (3–1).

నిశు కుమార్ కొట్టిన బంతిని కట్టిమని ఆపినపుడు, అతడు గోల్ గీతను ముందుగా వదిలాడని రిఫరీ మళ్ళీ కొట్టించాడు. రెండవసారి కూడా కట్టిమని దానిని ఆపాడు.

కట్టిమనికి ఈ మైదానంతో వేరే అనుబంధం కూడా ఉంది. గోవాకే చెందిన ఇతడు 2015 డిసెంబరు 20న ఇదే మైదానంలో ఎఫ్.సి. గోవా తరఫున ఐ.ఎస్.ఎల్. ఫైనల్ ఆడాడు. ఆనాడు 2–1 ఆధిక్యంలో ఉన్న గోవా చివరి నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చి చెన్నయిన్ చేతిలో 2–3తో ఓడింది. ఆ రెండింటిలో మొదటిది కట్టిమని పేరిట సొంత గోల్‌గా నమోదైంది. ఆరు సంవత్సరాల తరువాత అదే చోట మొదట పొరబాటు చేసి, ఆపై మూడు పెనాల్టీలు ఆపి ట్రోఫీ సాధించి పెట్టాడు. ఫైనల్లో ఉత్తమ ఆటగాడి పురస్కారం అతనికే లభించింది. సమం చేసిన గోల్ కొట్టిన తవోరా కూడా గోవా వాడే.

గణాంకాలు, పురస్కారాలు

నాకౌట్ మ్యాచ్‌లతో కలిపి జట్టు 23 మ్యాచ్‌లలో 47 గోల్స్ చేసి 26 ఇచ్చింది (షూటౌట్ గోల్స్ కాకుండా). వీటిలో ఓగ్బెచె ఒక్కడే 18 గోల్స్ చేసి గోల్డెన్ బూట్ గెలుచుకున్నాడు. ఒకే సీజన్‌లో 18 గోల్స్ చేసి, 2017–18లో గోవా ఆటగాడు కోరో నెలకొల్పిన రికార్డును సమం చేశాడు. ఇదే సీజన్‌లో అతడు సునీల్ ఛెత్రీ, కోరోలను దాటి లీగ్ చరిత్రలో నాటికి అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడయ్యాడు. విజేత జట్టుకు ఆరు కోట్ల రూపాయల బహుమతి లభించింది.

విజయానికి కారణాలు

రెండు సీజన్ల లెక్కలు పోల్చి చూస్తే మార్పు స్పష్టమవుతుంది. 2020–21లో 11గా ఉన్న డ్రాల సంఖ్య 2021–22లో ఐదుకు తగ్గింది. గెలుపులు ఆరు నుండి పదకొండుకు పెరిగాయి. అదే సమయంలో ఓటములు ఒకటి మాత్రమే పెరిగాయి. డ్రాలను గెలుపులుగా మార్చిన ప్రధాన కారకుడు ఓగ్బెచె.

అయితే గోల్స్ చేసేవాని వెనుక స్థిరమైన జట్టు ఉంది. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి యువ రక్షకులు వరుసగా రెండవ సీజన్ కలిసి ఆడారు. వెనుక చింగ్లెన్‌సనా, హువానన్, మధ్యలో జొవావ్ విక్టర్ ఇరుసుగా నిలిచారు. ఓడినపుడు కూడా మార్కెజ్ జట్టు కూర్పును, ఆటతీరును పెద్దగా మార్చలేదు. తొలి సీజన్‌లో చివరి స్థానంలో నిలిచిన క్లబ్బు రెండేళ్ళలో విజేత కావడానికి ఈ నిలకడ తోడ్పడింది.

అనంతర పరిణామాలు

2022–23 సీజన్‌లో మ్యాచ్‌లు తిరిగి ఆయా నగరాలకు చేరాయి. విజేత జట్టు గచ్చిబౌలిలో తన ప్రేక్షకుల ఎదుట ఆడగలిగింది. ఆ సీజన్‌లో 42 పాయింట్లతో మళ్ళీ రెండవ స్థానం పొందినా, సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో షూటౌట్‌లో ఓడింది. 2023లో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్ళాడు. 2024 జులైలో భారత జాతీయ జట్టు శిక్షకుడిగా నియమితుడై, 2025 జులైలో ఆ బాధ్యత నుండి తప్పుకున్నాడు.

2023–24లో క్లబ్బు తీవ్ర ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. ఆటగాళ్ళకు జీతాల బకాయిలు పేరుకుపోయాయి. కొత్త ఆటగాళ్ళ నమోదుపై నిషేధం విధించారు. విదేశీ ఆటగాళ్ళు చాలామంది సీజన్ మధ్యలోనే వెళ్ళిపోగా, తంగ్బోయి సింగ్తో ఎక్కువగా యువకులతోనే జట్టును నడిపాడు. 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపుతో జట్టు చివరి స్థానంలో నిలిచింది. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకుంది. 2024–25లో జట్టు 13 జట్లలో 12వ స్థానం పొందింది. 2025 అక్టోబరులో క్లబ్బును ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చారు.

ఆ విధంగా ట్రోఫీ గెలిచిన జట్టును హైదరాబాదు ప్రేక్షకులు ఆ సీజన్ అంతా టెలివిజన్‌లోనే చూశారు. ఆ జట్టును కళ్ళారా చూసే అవకాశం తరువాత మూడు సీజన్లకు మించి దక్కలేదు. సిటీ పోలీస్ జట్టు సాధించిన కప్పుల తరువాత నగరం పేరు దేశ ఫుట్‌బాల్ విజేతల సరసన మళ్ళీ చేరినది ఈ సీజన్‌తోనే.

ఇవి కూడా చూడండి

ఇండియన్ సూపర్ లీగ్
సయ్యద్ అబ్దుల్ రహీం
హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు
జి.ఎం.సి. బాలయోగి అథ్లెటిక్ స్టేడియం
సంతోష్ ట్రోఫీ